ఓడిపోయినాక పోతాలే

మొన్న మా గోదాములో సూపర్‌వైజరు ఒక చెక్క ప్యాలెట్‌ను కాలితో తన్ని, "ఇది అన్‌ఫిట్, పక్కన పడెయ్" అన్నాడు. ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆయన తప్పేమీ లేదు, ప్యాలెట్ నిజంగానే విరిగి ఉంది. ఆ మాట చెవిన పడితే చాలు, పోయినేడాది చచ్చిపోయిన ఒక మనిషి మీద నాకు కోపం వస్తుంది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను, ఇంకా దించుకోలేదు.

"అన్‌ఫిట్" పోయిన ఆ మనిషి ఊతపదం. చల్లారిన టీ అన్‌ఫిట్. గాలి తగ్గిన టైరు అన్‌ఫిట్. మాకు వ్యతిరేకంగా విజిల్ ఊదిన రెఫరీ అన్‌ఫిట్, వాడికి ఆ విజిల్ అమ్మిన దుకాణంవాడు కూడా అన్‌ఫిట్. తన జీవితంలో ఒకే ఒక్క దాన్ని మాత్రం ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. అది మా హాకీ జట్టు. నిజానికి ఆ మాట అందరికంటే ముందు అతకాల్సింది మాకే.

బిర్కత్ అల్ అవామిర్‌లో మేం పనికొచ్చిన ఈ అరబ్బు దేశపు క్యాంపుల మధ్య, లారీలు ఆపే స్థలం వెనకాల మా మైదానం. మైదానమంటే గ్రేడరుతో చదును చేసిన కంకర నేల. శుక్రవారం పొద్దున్నే ఆటకు ముందు రెండు జట్లూ వంగి రాళ్ళు ఏరుకోవాలి, లేకపోతే బంతి ఎగిరి ఎవరి పళ్ళు రాలగొడుతుందో చెప్పలేం. చుట్టుపక్కల క్యాంపుల జట్లన్నీ కలిసి అక్కడ లీగు ఆడతాయి. పంజాబువాళ్ళు, పాకిస్తాన్‌వాళ్ళు, కొడగువాళ్ళు, మేము. మాతో ఆట ఉన్నరోజు మిగతా జట్లు తమ కొత్తవాళ్ళను దింపి అలవాటు చేయించుకునేవి. మా జట్టుకు గోల్‌కీపర్ని నేనే, కాబట్టి ఈ అవమానంలో పెద్ద వాటా నాదే.

ఆయన మాత్రం ప్రతి శుక్రవారం ముఐథర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఇంటి పెద్దను ఆ ఇంటి పనివాళ్ళంతా పిలిచినట్టే 'బాబా' అనేవాడు. బాబా బండిని సొంత పనికి ముట్టేవాడు కాదు. జుమ్మా నమాజు వేళకు తిరిగి వెళ్ళి ఇంటివాళ్ళను మసీదుకు తీసుకెళ్ళాలి గనక, ఆయనకు దొరికేది ఆ పొద్దుటి పూట ఒక్కటే. ఆ పూట మొత్తం మాకిచ్చేవాడు. తెల్ల చొక్కా, జేబులో ఎన్నడూ రాయని పెన్ను, చేతిలో చల్లని లబన్, అంటే ఇక్కడి మజ్జిగ, సీసాల సంచి. గోరింటాకు పెట్టిన మీసం ఎండలో ఎర్రగా మెరిసేది.

వచ్చి అందరిలా గీత పక్కన నిలబడేవాడు కాదు. నా వెనకాల, గోల్ వల వెనకాల నిలబడేవాడు. ఎందుకని అడిగాను ఒకసారి.

"గోల్ కొట్టేటోన్ని అందరూ చూస్తారప్పా. ఆపేటోన్ని ఎవడు చూస్తాడు?" అన్నాడు.

ధర్మవరం వైపు పల్లె ఆయనది. చిన్నప్పుడు వంకర తిరిగిన తుమ్మకొమ్మలు నరుక్కొచ్చి హాకీ ఆడేవాళ్ళట. ఆయన గోలీ, అంటే గోల్ కాసేవాడు. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టి, పురికొసతో కట్టుకునేవాడట. అందుకేనేమో నన్ను 'గోలీ' అనే తప్ప ఇంకో పేరుతో పిలవలేదు. ఆట సాగినంతసేపూ వల వెనకనుంచి గొణుగుతూనే ఉండేవాడు. "ఎడమ, ఎడమకు రా. ముందుకు పోవద్దు గోలీ. వాడు కొట్టడు, ఉత్త వేషం." గోల్ పడిందంటే వలలోంచి బంతి తీసి నా చేతికిచ్చి, "పోనీలేప్పా, దాన్ని దేవుడు కూడా ఆపలేడు" అనేవాడు. ఒక్కో రోజు దేవుడు కూడా ఆపలేని గోల్స్ ఆరేడు పడేవి.

"ఇంత చెత్త టీం కోసం గింత దూరం ఎందుకొస్తవన్నా?" అన్నాను.

"గెలిచే టీంకి చప్పట్లు కొట్టేదానికి నేనేమిటికి? ఊరంతా ఉండాది కదా!"

ఆయన పోవడానికి ముందటి చలికాలం మొదట్లో, లీగు మొదలవుతుందనగా, ఒక శుక్రవారం నేను రోడ్డు దాకా ఎదురెళ్ళాను. ఆయన బస్సు దిగి నాలుగడుగులు వేసి, సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాడు. నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను. ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. కుడి అరచేత్తో ఎడమ భుజం నుంచి మోచేతి దాకా రుద్దుకుంటున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏందన్నా, ఏమైతున్నది?"

"ఏమీ లే. గ్యాస్. నిన్న బిర్యానీ అన్‌ఫిట్."

"గ్యాస్ చేతికొస్తదా? దవాఖానకు పోదాం పా. హెల్త్ కార్డ్ ఉన్నది గద నీకు."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఎవరూ లేని ఆ రోడ్డు మీద కూడా గొంతు తగ్గించి చెప్పాడు. ఆస్పత్రిలో కార్డు గీకితే పేరు కంప్యూటర్లో పడుతుందట. ఆ కంప్యూటరూ, మనం దేశంలో దిగగానే వీసా కోసం రక్తం తీసి ఛాతీ ఫోటో తీసే మెడికల్ కంప్యూటరూ ఒకటేనట. గుండె అనే మాట అందులో పడిన మరుక్షణం మనిషి పేరు మీద ఎర్రగా 'అన్‌ఫిట్' అని వస్తుందట. ఇక ఆ మనిషిని విమానం ఎక్కించడమే.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"అందరికీ తెల్సు."

అందరికీ తెలుసన్నమాట నిజమే. మా క్యాంపులోనూ సగం మంది అదే నమ్ముతారు. దిగినప్పుడు చేసే మెడికల్ వేరు, జబ్బు చేస్తే పోయే ఆస్పత్రి వేరు అని ఎంత చెప్పినా తలూపి, పారసెటమాల్ మింగి పడుకుంటారు. ఆయన ఊళ్ళో ఒకతన్ని అట్లాగే మెడికల్‌లో అన్‌ఫిట్ అని వెనక్కి పంపారట. ఆ తర్వాత ఆ మనిషికి అదే పేరు స్థిరపడిపోయిందట. టీ కొట్టు దగ్గర కూడా 'ఆ అన్‌ఫిట్టోనికి ఒక టీ' అనేవాళ్ళట. ఆ కథ చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో భయం చూశాను. చావంటే ఉండే భయం కంటే అది పెద్దది.

నేను వదల్లేదు. తిట్టాను, బతిమాలాను. చివరికి విసిగిపోయి ఒట్టు పెట్టాడు.

"సరేప్పా. మన టీం లీగులో ఓడిపోయి బయటపడినాక పోతాలే. ఎంతసేపు? నాలుగు వారాలు. ఆలోపు నాకేమీ కాదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మా జట్టు గురించి తెలిసినవాళ్ళెవరికైనా అది న్యాయమైన గడువే.

ఆ నెలలోనే ఒడిశా నుంచి ఇద్దరు అన్నదమ్ములు మా క్యాంపులో దిగారు. పరంజాలు కట్టే పని వాళ్ళది. చేతికి కర్ర ఇచ్చి ఆడమంటే, బంతి వాళ్ళ కర్రకు కట్టేసినట్టు వెంట నడిచింది. వాళ్ళు వచ్చిన మొదటి శుక్రవారమే మేం గెలిచాం. మా జట్టువాళ్ళు ఎగిరి గంతులేశారు. నేను హెల్మెట్ తీసి వెనక్కి తిరిగి చూశాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్నాడు. నన్ను చూడగానే చేతులు మెల్లగా దించాడు.

"బాగలేదప్పా. ఇది బాగలేదు" అన్నాడు, నవ్వుతూనే.

తర్వాతి వారం డ్రా. ఆపైన మళ్ళీ గెలుపు. పెనాల్టీ కార్నర్ దొరికితే ఒడిశా పెద్దవాడు గోల్ కొట్టి తీరాల్సిందే. వెనక వరసలో మావాళ్ళు కూడా మనుషుల్లా ఆడటం మొదలుపెట్టారు. నేను సైతం బాగుపడ్డాను. వల వెనక గొణుగుడు వినీ వినీ, బంతి ఎటు వస్తుందో ముందే కాలికి తెలిసిపోయేది. మిగతా జట్లు మా మీదికి కొత్తవాళ్ళను దింపడం మానేశాయి. గెలిచిన ప్రతిసారీ వెనకనుంచి అదే మాట. "బాగలేదప్పా." వారం వారం ఆయన మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది. బస్సు దిగి మైదానం చేరడానికి ముందు ఒకచోట ఆగేవాడు, తర్వాత రెండు చోట్ల, తర్వాత నేనే ఎవరిదో పికప్ అడిగి తీసుకుని రోడ్డు దాకా వెళ్ళడం మొదలుపెట్టాను.

పికప్‌లో నన్ను ఆటపట్టించేవాడు. "బంతి ఆపేదీ నువ్వే, ఆస్పత్రికి పొమ్మనేదీ నువ్వే. ఏదో ఒకటి తేల్చుకో గోలీ."

నాకు నవ్వు వచ్చేది కాదు. నాలుగు వారాల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆయన మాట తప్పలేదు. మేం ఓడిపోవడం లేదు, అంతే.

ఒకరోజు నాకు సెలవు దొరికింది. ఆయన ఫోన్ చేసి, బాబా ఒంటెలకు దాణా దించడానికి అల్ షహానియా వెళుతున్నానని, తోడు రమ్మని పిలిచాడు. బాబా పని కాబట్టి బండిలో నన్ను ఎక్కించుకున్నాడు. లేకపోతే అదీ లేదు. దారి పొడుగునా సెమీఫైనల్ గురించే మాట్లాడాడు. పంజాబువాళ్ళ కుడి వైపు ఆటగాడికి ఎడమ మోకాలు బాగలేదనీ, అటునుంచి తిప్పమని ఒడిశా పిల్లలకు చెప్పమనీ. మాట మధ్యలో ఆగిపోయాడు. బండిని మెల్లగా పక్కకు తీసి ఆపాడు. స్టీరింగ్ మీద నుదురు ఆనించి, ఎడమ చేయి మాత్రం ఎత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు. బయట దుమ్ము గాలి. అద్దాలకు ఇసుక రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన ఊపిరి తీస్తున్నాడో లేదో నాకు తెలియలేదు. నాకు చాలా భయం వేసింది.

తల ఎత్తాక అడిగాను. "రోజూ బాబా పిల్లలను బడికి తోల్కపోతవ్. వాళ్ళు బండ్లె ఉన్నప్పుడు గిట్లయితే?"

మొహం తుడుచుకుని, అద్దం మీది ఇసుక పోయేలా వైపరు వేశాడు.

"పిల్లోళ్ళు ఎక్కినప్పుడు రాదప్పా. నాకు తెల్సు."

"నీకెట్ల తెలుస్తదన్నా? నేనే బాబాకు చెప్త."

గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో! "చెప్పినావంటే నన్ను నువ్వే సంపినట్ల. నేను ఒట్టు పెట్టినా కదా? మనం ఓడిపోతానే పోతా. గమ్మునుండు."

నేను గమ్మున ఉన్నాను. వేరే ఏం చేయగలను? ఎవరు చేయి పట్టుకుని లాక్కుపోతే ఆ మనిషి ఆస్పత్రి గుమ్మం దాటతాడో నాకు తోచలేదు. తోచిందల్లా ఒకటే. ఆ రాత్రంతా దాన్నే నమిలాను. మేం ఓడిపోవాలి.

సెమీఫైనల్ నాటికి ఎండలు ముదిరాయి. పొద్దున్నే గాలిలో ఉప్పు, చెమట ఆరదు. మా క్యాంపు క్యాంపంతా వచ్చింది. ఎవరో డబ్బా, గరిటె తెచ్చి వాయిస్తున్నారు. మా జట్టు అంత దూరం రావడం అదే మొదటిసారి. నాకు మాత్రం ఆ డబ్బా చప్పుడు మంచిగా అనిపించలేదు. ఆయన వల వెనక నిలబడలేక, బోర్లించిన రంగుబకెట్ మీద కూర్చున్నాడు. లబన్ సంచి కాళ్ళ దగ్గర అలాగే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు.

ఒకటి ఒకటి సమానంగా ఉండగా, ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, మావాడు ఒకడు గోల్ ముందు కాలితో బంతి ఆపాడు. అది ఫౌలు. వాళ్ళకు పెనాల్టీ స్ట్రోక్. గీత మీద నేనొక్కణ్ణి, ఎదురుగా పంజాబు కెప్టెన్. డబ్బా ఆగిపోయింది.

"ఎడమ" అన్నాడాయన వెనకనుంచి. గొంతు గాలిలా వచ్చింది. "వాడు ఎడమకే కొడతాడు గోలీ."

కెప్టెన్ ఎడమకే కొట్టాడు. అంత గట్టిగానూ కొట్టలేదు. నా కాలు చాపితే తగిలేది. నేను కాలు చాపలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పెనాల్టీ ఎవరు ఆపగలరని భుజం తట్టి వెళ్ళారు. మా కెప్టెన్ ఏడ్చాడు. ఒడిశా చిన్నవాడు కర్ర నేలకేసి కొట్టాడు. వాళ్ళను చూస్తే బాధేసింది గానీ, తప్పు చేశానని నేననుకోలేదు. నా మనసు మొత్తం వెనకనే ఉంది. ఆయన వలలోంచి బంతి తీసుకుని మెల్లగా నా ముందుకొచ్చాడు. ఎప్పటిలా చేతికివ్వలేదు.

"నీ కాలుకు ఏమైంది?"

"జారిందన్నా."

నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. చిన్నప్పటినుంచీ గోల్ ముందు నిలబడినవాడికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. తల దించుకున్నాను.

"పోదాం పా అన్నా. ఓడిపోయినం. ఒట్టు ఒట్టే. పికప్ ఉన్నది, ఇప్పుడే పోదాం."

బంతిని రెండు చేతుల మధ్య తిప్పాడు. తర్వాత నవ్వాడు. కోపంగా నవ్వి ఉంటే బాగుండేది. నా మీద జాలిపడుతున్నట్టు నవ్వాడు.

"ఇంగా ఒక మ్యాచ్ ఉండాది గోలీ. మూడో ప్లేస్‌కి. వచ్చే శుక్రవారం. అది కానీ, పోతాలే."

సెమీఫైనల్లో ఓడినవాళ్ళకు మూడో స్థానం ఆట ఒకటి ఉంటుందన్న సంగతే మాలో ఎవరికీ గుర్తు లేదు. ఎన్నడైనా అక్కడిదాకా వచ్చి ఉంటే కదా! ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోన్ చేస్తే, "మ్యాచ్ ఉండాది కదప్పా" అన్నాడు. ఆ మర్నాడు చేస్తే ఎత్తలేదు. కాసేపటికి తనే చేసి, ఎడమ కాలికి వేడినీళ్ళు పెట్టుకోమని చెప్పి పెట్టేశాడు.

సోమవారం పొద్దున, నేను డ్యూటీలో ఉండగా, ఆయన నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది వేరే గొంతు. ఆ ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఆవిడ. పిల్లలు బడి సంచులు తగిలించుకుని బండి దగ్గర ఎదురుచూశారట. ఎంతకీ రాకపోతే గేటు పక్కన ఆయన గది తలుపు తోసిందట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, మంచం అంచున గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. నిద్రపోతున్నాడేమో అనుకుందట.

పిల్లలు ఇంకా బండి ఎక్కలేదు. ఆయన అన్న మాటే నిలిచింది. ఆ ఒక్క విషయంలో నాకు ఆయన మీద కోపం లేదు.

నేను వెళ్ళేసరికి బాబా గేటు బయట నిలబడి ఉన్నాడు. ముసలాయన. తలగుడ్డ లేకుండా, ఇంట్లో చెప్పులతో. నాకు అరబ్బీ అంతంతమాత్రం, ఆయనకు హిందీ అంతంతమాత్రం. "బీమార్? కలామ్ మాఫీ! మేరేకో కలామ్ మాఫీ!" అంటున్నాడు. జబ్బు సంగతి తనకు ఒక్క మాటైనా చెప్పలేదని. తన గుండె మీద వేలు పెట్టి, చొక్కా గుండీ విప్పి, నిలువుగా ఉన్న కుట్ల గీత చూపించాడు. తనకూ అదే జబ్బట. ఆపరేషన్ చేయించుకుని వచ్చాడట. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి తనను నెలనెలా తీసుకెళ్ళి, బయట బండిలో కూర్చుని, తిరిగి తీసుకొచ్చింది ఈ డ్రైవరేనట. ఇన్నిసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళినవాడు లోపలికి ఒక్కసారి నడవలేకపోయాడా అని నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఊళ్ళో ఉన్న డ్రైవరన్న ఇంటికి కబురు కడప ఆవిడే చెప్పింది. సాయంత్రం ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. నేను ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి. నా గురించి అంతా తెలుసు ఆమెకు. ప్రతి శుక్రవారం బస్సులోంచి ఫోన్ చేసి, ఏ గోల్ ఎట్లా ఆపానో పూస గుచ్చినట్టు చెప్పేవాడట. వెనకాల ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. ఆమె ఏడవడం లేదు. గొంతు ఎండిపోయి ఉంది.

"వదినా, నేను శాన చెప్పిన. దవాఖానకు పొమ్మని కాళ్ళు మొక్కిన. ఓడిపోయినంక పోతనన్నడు."

వెనకాల ఏడుస్తున్నవాళ్ళను ఆమె ఊరుకోమంది.

"ఓడిపోయినాకనా?" అంది ఆమె. "నాకట్ల చెప్పల్యా అన్నా. మా టీం కప్పు కొడితే ఆ పొద్దే పోతా, అంతవరకు నన్ను అడగొద్దని ఒట్టు ఏయించుకున్యాడు. మీరు గెలవల్లని నేను శుక్రవారం శుక్రవారం పస్తులుంటి. బాగా ఆడతాండారు, గెలుస్తారు అన్యాడే."

మా ఇద్దరిలో ఎవరికి నిజం చెప్పాడో, అసలు ఎవరికైనా చెప్పాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె మళ్ళీ అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

"అంత బాగా ఆడతా ఉండి, ఎట్ల ఓడిపోతిరన్నా?"